కూలి నుండి కంపెనీ వరకు: పాడి మహిళలకు ఒక పాఠం



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో సంఘాలను తనిఖీ చేసేటప్పుడు ఒక విషయం తరచుగా కనబడుతుంది. ఎనుముకు మేత వేసేది, కుడితి పెట్టేది, పాలు పిండేది ఇల్లాలు. సభ్యత్వ రిజిస్టరులో ఉండేది భర్త పేరు. దీనిని మనసులో ఉంచుకొని ఒక తెలుగు మహిళ జీవితాన్ని పరిశీలిద్దాము.

జ్యోతిరెడ్డి 1970లో వరంగల్ జిల్లాలో పేద కుటుంబంలో జన్మించారు. తల్లి బ్రతికి ఉండగానే అనాథాశ్రమంలో చేరి చదువుకోవలసి వచ్చింది. పదహారేళ్లకు పెండ్లి. పద్దెనిమిదేళ్లకు ఇద్దరు ఆడపిల్లల తల్లి. రోజుకు 5 రూపాయల కూలికి పొలం పనులు చేశారు. తర్వాత నెహ్రూ యువక కేంద్రం తరఫున రాత్రి బడిలో పాఠాలు చెప్పారు. బట్టలు కుట్టారు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా 1994లో బి.ఏ. పూర్తి చేశారు. ఉపాధ్యాయినిగా రైలులో బడికి వెళ్లివస్తూ, తోటి ప్రయాణికులకు చీరలు అమ్మారు. కంప్యూటరు నేర్చి 2000లో అమెరికా వెళ్లారు. అక్కడ మొదట దుకాణంలోను, పెట్రోలు బంకులోను పనిచేసి, దాచుకున్న సొమ్ముతో ఫీనిక్స్ నగరంలో కీ సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్ అనే కంపెనీ స్థాపించారు.

మనము గ్రహించవలసినవి:

1. ఆమె చిన్న సంపాదనను చిన్నచూపు చూడలేదు. ఒక మెట్టు మీద వచ్చినదానితో పై మెట్టుకు దారి చేసుకున్నారు. ఉదాహరణకు, పక్షం రోజుల పాల బిల్లు 3,000 రూపాయలు అనుకుందాము. అందులో పదవవంతు, అనగా 300 రూపాయలు, విడిగా పొదుపు చేస్తే, ఎనుము ఎనిమిది నెలలే పాలిచ్చినా 16 బిల్లులకు 4,800 రూపాయలు నిలుస్తాయి. వట్టిపోయిన కాలంలో మేతకు, పశువుల బీమాకు అప్పు చేయనవసరం ఉండదు. కరువు ఏట సుగ్గికి పోయేముందు ఎనుమును అగ్గువకు అమ్ముకునే దుస్థితి కొంతైనా తప్పుతుంది.

2. పని చేస్తూనే నేర్చుకున్నారు. మన మహిళలు కూడ పాలు పోసి వెంటనే వెళ్లిపోక, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత వచ్చినదీ అడిగి, కార్డులో సరిచూసుకోవాలి. ధర కట్టేది ఆ అంకెలను బట్టే.

3. కష్టము ఎవరిదో, ఖాతా వారి పేరున ఉండాలి. రిజిస్టరులో పేరు లేనివారికి మహాసభలో ఓటు లేదు, పాలకవర్గానికి పోటీ చేసే హక్కు లేదు, సభ్యులకిచ్చే బోనసు లేదు.

జ్యోతిరెడ్డిగారు చాల దూరము ఒంటరిగా నడిచారు. మన మహిళలకు ఆ అవసరము లేదు. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం నెలకొల్పినది ఇందుకే. ఒక్క మగ్గానికి లేని బలము సంఘానికి ఉంటుంది.

రాబోయే సమావేశంలో చర్చించండి:

మన సంఘంలో పాలు పోసే మహిళలు ఎందరు? వారిలో సభ్యులు ఎందరు? ఈ రెండు అంకెల మధ్య తేడాను ఈ సంవత్సరం ఎంత తగ్గించగలము?