ఆదివారం అత్తగారి దగ్గర ఎవరు కూర్చుంటారు?

చెల్లీ, మీ అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డాక నువ్వు కంటినిండా నిద్రపోయింది ఎప్పుడు? మంచంలో ఉన్నవాళ్లని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. ఎయిర్ బెడ్ వేసినా ఆ పని తప్పదు. రాత్రంతా అలా లేస్తూ ఉన్న మనిషి పొద్దున్నే పిల్లల మీద విసుక్కుంటే, అది నిద్ర చాలక వచ్చిన విసుగు. నువ్వు చెడ్డదానివైపోలేదు.

పలకరించడానికి చుట్టాలొస్తారు చూడు, బత్తాయిలు పట్టుకుని! వాళ్లకి మళ్లీ కాఫీలు కలపాలి. వెళ్తూ వెళ్తూ "నీ ఓపికకి దండం పెట్టాలమ్మా" అంటారు. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. చాకిరీ మొత్తం ఒక్కదాని నెత్తిన వదిలెయ్యడానికి ఆ పొగడ్త భలే పనికొస్తుంది. అది వినీ వినీ మనమూ "పర్లేదు, నేను చూసుకుంటాలే" అనేస్తాం.

ఇక అనకు. "కాస్త సాయం చెయ్యండి" అన్నా ఎవరూ కదలరు. పనీ, రోజూ, టైమూ చెప్పి అడుగు. మీ ఆయనతోనే మొదలుపెట్టు. "ఆదివారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా అత్తయ్య దగ్గర మీరుండండి" అని చెప్పు. కన్నతల్లికి డైపరు మార్చడం ఆయనా నేర్చుకోవచ్చు. ఊళ్లోనే ఉన్న ఆడపడుచు వారానికో రాత్రి వచ్చి పడుకోవచ్చు. అమెరికాలో ఉన్న మరిది ఆయా జీతం పంపొచ్చు. "రోజూ వీడియో కాల్ చేస్తున్నా కదా వదినా" అంటే ఊరుకోకు. ఆయాని పెట్టుకుంటే లోకం ఏమనుకుంటుందో అని మాత్రం ఆగిపోకు. రాత్రి లేచేది లోకం కాదు.

ఆదివారం దొరికిన ఆ మూడు గంటల్లో అలమరాలు సర్దకు. పడుకో.

అత్తగారిని ఒక్కదానివే ఎత్తకు, నడుం పోతుంది. ఒంటి కింద మడతదుప్పటి వేసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని జరపాలి. ఫిజియోథెరపిస్టు వచ్చినప్పుడు ఎలా జరపాలో చూపించమని అడిగి నేర్చుకో. ఆమెకి బీపీ చూసే మిషన్‌తోనే నీదీ చూసుకో.

ఇంకో మాట. "ఈవిడకి ఈ బాధ తీరిపోతే నాకూ తీరుతుంది" అన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వచ్చాక నిన్ను నువ్వు తిట్టుకున్నావా? ఏళ్ల తరబడి సేవ చేసిన చాలామందికి వస్తుందమ్మా, బయటికి చెప్పరంతే. అలసట ఆ మాట అనిపిస్తుంది. నీ ప్రేమకేం లోటు లేదు. మనసు మరీ బరువెక్కితే 14416కి ఫోన్ చెయ్యి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరది. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఊహ వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకు, ఆ క్షణమే చెయ్యి.

సరే, ఈ ఆదివారం ఎవర్ని కూర్చోమంటావో ఇవాళ సాయంత్రంలోగా వాళ్లకి చెప్పెయ్యమ్మా.