తడి తువ్వాలు పట్టించిన తప్పు

మే నెల. రాత్రి తొమ్మిదైనా కర్నూల్లో మా మిద్దె మెట్లు అరికాళ్లకు చురుక్కుమంటున్నాయి. మనిషి కదిలితే వెలగాలని నేను సొంతంగా తయారుచేసుకున్న ఎల్‌ఈడీ లైటు మాత్రం వెలగలేదు. జనవరిలో పిల్లి నడిచినా వెలిగింది ఇదే! మూడుసార్లు ఎక్కి దిగాను. చేతులూపాను. పక్కింటివాళ్లు చూస్తున్నారేమోనని ఆపేశాను.

తర్వాత అందరూ చేసే పనే చేశాను. సెన్సర్, వైర్లు, అడాప్టర్, స్విచ్చులా పనిచేసే మాస్‌ఫెట్ అన్నీ ఒకేరోజు మార్చేశాను. పాత జబ్బు పోలేదు సరికదా కొత్తది తగులుకుంది. ఎప్పుడైనా వెలిగితే లైటు గుడ్డిగా వెలుగుతోంది.

పరీక్ష తప్పిన కుర్రాళ్లూ ఇలాగే కోచింగ్ సెంటరూ పుస్తకాలూ రూమూ ఒకే వారంలో మార్చేస్తుంటారు. మళ్లీ తప్పితే ఎందుకు తప్పారో తెలీదు. పాసైతే ఎందుకు పాసయ్యారో కూడా తెలీదు, నన్నడిగితే అది ఇంకా ప్రమాదం. ఒక్కటి మార్చండి, ఏమైందో చూడండి, కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే రెండోది.

అన్నీ మార్చేసిన ఆ రాత్రే నాయన తొట్టి దగ్గర నీళ్లు పోసుకుని, తడి తువ్వాలు కప్పుకుని మెట్లెక్కాడు. లైటు టక్కున వెలిగింది.

"దానికి నేనంటే మర్యాద ఉండాదిలేరా" అన్నాడు.

నా చూపు తువ్వాలు మీదే ఉంది. ఆ లైటుకు పెట్టిన పీఐఆర్ సెన్సర్ మనిషిని చూడదు. మనిషి ఒంటి వేడికీ, వెనకున్న గోడ వేడికీ ఉన్న తేడాను పసిగడుతుంది. ఆ తేడా కదిలితేనే సిగ్నల్ ఇస్తుంది. చలికాలంలో చల్లటి గోడ ముందు మన ఒళ్లు దానికి కుంపటిలా కనిపిస్తుంది. మా సీమ ఎండకు పగలంతా కాగిన గోడలూ, బేతంచర్ల బండలూ పొద్దుపోయినా మన చర్మమంత వేడిగానే ఉంటాయి. ఇక తేడా ఎక్కడిది? తడి తువ్వాలు చల్లగా ఉండి ఆ తేడా తెచ్చింది.

పాత సెన్సర్ బాగానే ఉంది, కొత్తదీ బాగానే ఉంది. బిగించిన చోటే తప్పు. ఎండ తగలని గోడ వైపు చూసేలా తిప్పాను. మనిషి దానికి ఎదురుగా రాకుండా అడ్డంగా దాటేలా పెట్టాను, అడ్డంగా పోయే కదలికను అది బాగా పడుతుంది. వెలిగింది. తేడా లేకపోతే కనబడకపోవడం మనుషులకూ ఉంది. ఆఫీసులో మీ పని ఎవరికీ కనబడట్లేదా? పదిమందికీ ఎక్సెల్ వచ్చిన గదిలో మీ ఎక్సెల్‌ను ఎవరు పట్టించుకుంటారు? మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపి, అక్కడ ఎవరూ ముట్టుకోని పనేదో వెతకండి.

ఇక గుడ్డి వెలుగు. దానికి రెండు రోజులు ఎల్‌ఈడీ స్ట్రిప్‌ను తిట్టాను. చివరికి మల్టీమీటర్ పెడితే సెన్సర్ ఇస్తున్నది 3.3 వోల్టులే. అంగట్లో దొరికింది కదా అని నేను వేసిన ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకోవాలంటే గేటు దగ్గర 10 వోల్టుల దాకా కావాలి. నేను పీకేసిన పాతది ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్. అది తక్కువ వోల్టేజీకే నా చిన్న స్ట్రిప్‌కు చాలినంత తెరుచుకుంటుంది. పేరులో ఒక్క అక్షరం తేడా! అదృష్టం, పాతది డబ్బాలోనే ఉంది. తీసేసినవి వెంటనే పారేయకండి.

ఇంకో మాట. కరెంటు పోయి వచ్చాక ఈ సెన్సర్ కుదురుకోవడానికి దాదాపు నిమిషం పడుతుంది. ఆలోపు లైటు దానంతటదే వెలుగుతుంది, ఆరుతుంది. ఆ నిమిషంలోనే పనికిరాదని తేల్చేసేవాళ్లున్నారు. కొత్త ఉద్యోగంలో మొదటి వారం మన గురించి మనమూ అలాగే తేల్చేసుకుంటాం.

మీరూ ఇలాంటి లైటు చేసుకోవాలనుకుంటే 12 వోల్టుల స్ట్రిప్‌తో మొదలుపెట్టండి, 230 వోల్టుల జోలికి పోవద్దు. కర్నూలైనా కడపైనా, బాగుందని అనుకునే ముందు ఒక్కసారి మే నెల రాత్రి మీ మెట్లెక్కి చూడండి.