మార్కులు తగ్గినపుడు మరల దరఖాస్తు

ఆశించిన మార్కులు రానిచో “వచ్చే యేడు మరల దరఖాస్తు పెట్టుదము” అనుట మన యిండ్లలో పరిపాటి. అట్లు నిశ్చయించుటకు ముందు ఒక్క సంగతి విచారింపవలెను. మనము కోరు విద్యాలయము ఏ మార్కులను చూచును?

తమిళనాట ఇంజనీరింగు ప్రవేశమునకు 2007 నుండి ప్రత్యేక పరీక్ష లేదు. పన్నెండవ తరగతి గణితపు మార్కులు పూర్తిగను, భౌతిక, రసాయన శాస్త్రముల మార్కులు సగము చొప్పునను కలిపి 200కు లెక్కింతురు. గణితమున 82, భౌతికమున 78, రసాయనమున 84 వచ్చిన హోసూరు బాలికకు 82, 39, 42 కలిసి 163 అగును. యేడాది యింట కూర్చున్నను ఆ 163 పెరుగదు. ఆడపిల్ల యగుచో ఆ యేడాది పెండ్లిమాటలకే తావిచ్చును! సందేహమున్న పునర్మూల్యాంకనమునకు వెంటనే దరఖాస్తు పెట్టవలెను, గడువు స్వల్పము.

కేంద్రీయ విశ్వవిద్యాలయముల త్రోవ వేరు. 2022లో ఆరంభమైన సి.యు.ఇ.టి. ప్రవేశపరీక్షను పూర్వము ఉత్తీర్ణులైనవారును వ్రాయవచ్చును. తెలుగు మాధ్యమమును కోరవచ్చును. ఒక యేటి మార్కులు ఆ యేటికే చెల్లును గనుక రెండవమారు వ్రాయువారు క్రొత్తగా మొదలిడుదురు. అయినను అర్హతకు వలసిన పన్నెండవ తరగతి శాతమును ఆయా విశ్వవిద్యాలయ ప్రకటనలో ముందే చూడవలెను.

ఈలోపల దగ్గరి కళాశాలలో చేరుట మేలు. మూలపత్రములు అచ్చట చిక్కుకొనునని తలిదండ్రులు వెరచుచుందురు. కళాశాలలు వానిని తమయొద్ద ఉంచుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లోనే ప్రకటించినది. చేరునాడే చూపించి, నకళ్లిచ్చి, మూలపత్రములను తిరిగి తీసికొనుడు.