ఎడమ కాలికి తెలిసిన బండి

కాకినాడ

చిరంజీవి బుజ్జిని పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న ఫోనులో నువ్వడిగిన దానికి అప్పుడే జవాబు చెప్పేవాణ్ణి. వెనకాల మీ నాన్న ఒకటీ మీ అమ్మ ఇంకొకటీ చెబుతుంటే నా మాట ఎవరికి వినపడుతుందని ఊరుకున్నాను. అందుకే కాగితం తీశాను. నీ ముందు మూడు బళ్లున్నాయి. మీ నాన్న ఈమధ్యే కొన్న ఆటోమేటిక్ క్రెటా, షెడ్డులో దుమ్ము పట్టిన పాత వ్యాగనార్, నువ్వు నేర్చుకుంటున్న డ్రైవింగ్ స్కూలు వాళ్ల స్విఫ్ట్. లైసెన్సు టెస్టుకి ఏది తీసుకెళ్లాలని కదా నీ ప్రశ్న? వ్యాగనార్ తీసుకెళ్లు. ఎందుకో చెప్తాను. టెస్టుకి ఇంకా మూడు వారాలుంది, నిదానంగా చదువుకో.

ముందు నా సంగతి విను. 1976లో నేను కారు నేర్చుకున్నది ఒక టాక్సీ అంబాసిడర్ మీద. ఆ బండికి గేరు రాడ్డు ఇప్పటిలా సీటు పక్కన ఉండేది కాదు, స్టీరింగ్ కిందనుంచి పక్కకి పొడుచుకొచ్చి ఉండేది. ఆర్నెల్లు దానితోనే కాపురం చేశాను. తీరా టెస్టు రోజున ఆ టాక్సీ పెళ్లి బేరానికి పోయింది. తెలిసినాయన్ని బతిమాలి జీపు తెచ్చుకున్నాను. జీపుకి రాడ్డు నేల మీద. బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరుని మా తరం వాళ్లం అలాగే అంటాం) పక్కన కూర్చుని "పోనీ" అన్నారు. ఫస్టు గేరు చూసుకుని వేశాను, బండి కదిలింది. సెకండు వేయబోతే నా ఎడమ చెయ్యి స్టీరింగ్ కింద లేని రాడ్డు కోసం తడుముతోంది! ఆయన కాసేపు చూసి, "ఏవోయ్, దోమల్ని తోలుతున్నావా?" అన్నారు. ఇంకేముంది, తప్పాను. తర్వాత అదే అంబాసిడర్ తీసుకెళ్లి పాసయ్యాను. నాకు బండి రాక కాదమ్మా, ఆ బండి రాక.

ఇక క్రెటా మాట. ఆటోమేటిక్ అయితే క్లచ్ లేదు, గేరు లేదు, ఎక్సలేటర్ తొక్కితే పోతుంది, కాబట్టి సులువుగా పాసవుతావని మీ నాన్న వాదన. అందులో అబద్ధం లేదు. మన చట్టంలో గేరున్నదీ గేరు లేనిదీ అన్న తేడా మోటారు సైకిళ్లకే ఉంది, కారుకి లేదు. కార్డు మీద ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) అని పడుతుందంతే. అదే బ్రిటన్‌లో ఆటోమేటిక్ కారులో పాసైతే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి, గేరు బండి ముట్టుకోకూడదు. నన్నడిగితే వాళ్ల పద్ధతే న్యాయం. రేపు మీ ఆఫీసులో ఎవరిదో గేరు బండి నడపాల్సి వస్తే నీ జేబులో ఉన్న కార్డు 'నడుపు' అంటుంది, నీ కాలు మాత్రం 'ఎలా?' అంటుంది.

అసలు టెస్టులో ఏం చూడాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ దానిలో రాసిపెట్టారు. వరసగా గేర్లు వేస్తూ టాప్ దాకా వెళ్లడం, అవసరమైతే చప్పున కింది గేరుకి రావడం, ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం, ఇరుకు సందులోకి రివర్స్‌లో తీసుకెళ్లడం. సగం మాటలు గేరు గురించే. ఈ రోజుల్లో ట్రాకు మీద ఇదంతా చూడరనుకో. ఎనిమిది తిప్పిస్తారు, హెచ్ లో రివర్స్ పెట్టిస్తారు, ఎత్తు ఎక్కిస్తారు. అయినా నువ్వుండేది విశాఖపట్నంలో. సింహాచలం ఘాట్ మీద ముందు బస్సు ఆగిందనుకో, నీ వెనక ఇంకో కారుందనుకో, అక్కడ ఇన్‌స్పెక్టరు ఉండడు.

పొడవు కూడా చూసుకో. క్రెటా 4.33 మీటర్లు. మీ పాత వ్యాగనార్ 3.6 మీటర్లు. దాదాపు రెండున్నర అడుగుల తేడా. రోడ్డు మీద అది లెక్కలోకి రాదు గానీ, హెచ్ ట్రాకులో ముక్కు తిప్పేటప్పుడు స్తంభానికి తగలాలా వద్దా అని తేల్చేది ఆ రెండున్నర అడుగులే. పైగా మీ నాన్న కెమెరా చూసుకుంటూ రివర్స్ చేస్తాడు, నీకూ అదే అలవాటవుతుంది. వ్యాగనార్‌లో కెమెరా లేదు, మెడ తిప్పక తప్పదు. సీటు ఎత్తు కాబట్టి నీ పొడుగుకి బానెట్టు అంచు కూడా బాగా కనపడుతుంది.

స్కూలు వాళ్ల స్విఫ్ట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, నువ్వు దానివైపే మొగ్గుతున్నావు కనుక. బండి మంచిదే. కానీ దానికి ఎడమ సీటు దగ్గర కూడా బ్రేకూ క్లచ్చూ ఉంటాయి. ఇరవై రోజులుగా నువ్వు నడుపుతున్నాననుకుంటున్నావు, అందులో ఎంత నీ కాలు, ఎంత ఆ మాస్టారి కాలు? నీకు తెలీదు, ఆయనకీ తెలీదు. నువ్వు క్లచ్ తొందరపడి వదిలినప్పుడల్లా ఆయన కాలు అలవాటు కొద్దీ వెళ్లి నొక్కేస్తుంది. రెండోది, వాళ్లు గుర్తులు చెప్తారు: "మూడో స్తంభం అద్దంలోకి రాగానే స్టీరింగ్ పూర్తిగా తిప్పెయ్". ఆ గుర్తు ఆ బండికీ, ఆ సీటుకీ, నీ ఎత్తుకీ కట్టిన లెక్క. సీటు రెండంగుళాలు ముందుకి జరిపితే లెక్క తప్పుతుంది. పరీక్ష ముందు రోజు ప్రశ్నలు కంఠతా పట్టినట్టే.

వ్యాగనార్ దొరకని పరిస్థితి వస్తే మాత్రం అలవాటు లేని క్రెటా కన్నా స్విఫ్టే నయం. అప్పుడు చివరి అయిదు రోజులూ కాళ్లు వెనక్కి ముడుచుకుని కూర్చోమని మాస్టారిని అడుగు. మొహమాటపడకు, డబ్బు కడుతున్నావు.

వ్యాగనార్‌ని ఈ వారంలోనే మెకానిక్ దగ్గరకి పంపించు. దాని క్లచ్ బాగా పైకి వచ్చాక గానీ పట్టదని నాకు గుర్తు. కేబుల్ సరిచేయించు. ఇది టెస్టు ముందు రోజు చేయించావో, మునిగావన్నమాటే. పట్టే చోటు మారిపోతుంది, రాత్రికి రాత్రి నీ ఎడమ కాలికి తెలిసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇప్పుడు చేయించి, ఈ మూడు వారాలూ దాని మీదే నడుపు. బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, హారన్ చూడమను. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు తేదీలు నువ్వే చూసుకో. మీ నాన్న "అన్నీ ఉన్నాయి" అంటాడు, ఆయన మాట నమ్మకు, చిన్నప్పట్నుంచీ అంతే.

ఎత్తు మీద కదిలించడం ఇలా: ఏసీ ఆపెయ్, పాత ఇంజనుకి అది బరువు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచు. ఫస్టు వేసి క్లచ్ నెమ్మదిగా వదులు. ఇంజను చప్పుడు మందగించి, బానెట్టు కొంచెం పైకి లేచినట్టనిపిస్తుంది. అక్కడ కాలు ఆపు. కాస్త ఎక్సలేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దింపు. సాయంత్రం పూట రోజుకి పది సార్లు, ఖాళీగా ఉన్న ఏదైనా వాలు మీద.

రోడ్డెక్కేటప్పుడు పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి, ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. తెల్లని నేపథ్యం మీద ఎర్ర అక్షరం. బోర్డు 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తుకి తగ్గకూడదు. మీ అమ్మ ఎర్ర స్టిక్కరు ముక్కలతో కత్తిరించి అంటిస్తానందట, స్కేలు పెట్టి కొలవమని చెప్పు.

ఒకవేళ తప్పితే ఏడు రోజులాగి మళ్లీ వెళ్లొచ్చు. మూడు సార్లు తప్పితేనే అరవై రోజులు ఆగాలి. జీపు కథ వీధంతా చెప్పుకుని నవ్వారు గానీ, నాకేం కాలేదు.

మీ పెద్దమ్మ సున్నుండలు చేసి పంపుతోంది. కారులో కూర్చుని తినకు, చేతికి నెయ్యంటితే స్టీరింగ్ జారుతుంది.

ఇట్లు
పెదనాన్న