శ్రమ దినాల్లో పిడికెడు బియ్యం



శ్రమ దినాల్లో మనలో చాలామంది ఒక పూట భోజనం మానేస్తాము. ఆ పూట మిగిలిన బియ్యం ఎవరికి చేరుతున్నాయి? యెషయా 58వ అధ్యాయం చదివితే ఈ ప్రశ్న తప్పదు.

క్షయ రోగులను చూస్తూ మేము నేర్చుకున్నది ఒకటుంది. ఖాళీ కడుపుతో మాత్రలు మింగితే కొందరికి వాంతులవుతాయి. ఇంట్లో తిండి లేక మందు మానేస్తారు. జబ్బు ముదురుతుంది. ప్రభుత్వం వీరి పోషణకు ఇచ్చే నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1,000 చేసింది. అయినా ఇంటిల్లిపాదికీ అది చాలదు.

సంఘము చేయదగినవి:

1. రోజూ వంటకు ముందు పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేయండి. పిడికెడు 50 గ్రాములనుకుంటే 40 రోజులకు 2 కిలోలు. 50 ఇళ్ల నుండి 100 కిలోలు.

2. బియ్యం ఒక్కటే బలం కాదు. కందిపప్పు, వేరుశనగలు, గుడ్లు కూడా చేర్చండి.

3. స్త్రీల సమాజం వారు నేరుగా ఇంటికి తీసుకువెళ్లాలి. ఆరాధనలో పేర్లు చదవవద్దు. జబ్బు సంగతి ఎవరికీ చెప్పవద్దు.

క్షయ రోగులు, గర్భిణులు, బాలింతలు ఉపవాసం ఉండవద్దు. షుగరు మందులు వాడేవారు డాక్టరు గారిని అడగకుండా ఉండవద్దు.

క్షయకు సాధారణంగా 6 నెలలు మందు వాడాలి. కాబట్టి ఈస్టరుతో డబ్బా మూసివేయకండి.