ఉత్తరముగాఁ బోయి అమెరికా చేరుట

మీర్‌పేట, దిల్‌సుఖ్‌నగరు, ఎల్బీనగరు ప్రాంతములలో బిడ్డలు అమెరికాలో నున్న తల్లిదండ్రు లనేకులు గలరు. వారు గోడమీఁది పటమును జూచి, షికాగోకు దారి అరేబియా, ఆఫ్రికా, అట్లాంటికు మీఁదుగాఁ బశ్చిమమునకుఁ బోవునని తలఁతురు. విమానములోఁ గూర్చుండి, కిటికీక్రింద మంచుగడ్డలు తప్ప మఱేమియుఁ గానరానపుడు దారి తప్పెనేమో యని కలఁత చెందుదురు. ఆ కలఁత తీర్చుటకే యీ పాఠము.

2021 జనవరిలో ఎయిర్ ఇండియావారు శంషాబాదునుండి షికాగోకు ఎచ్చటను దిగకుండ విమానమును నడపఁజొచ్చిరి. ఆ సర్వీసు చిరకాలము సాగలేదు గాని, ఆ దారి లెక్క మనకు మిక్కిలి యుపయోగము. 30 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గ్లోబు నొకటి తీసికొందము. దాని చుట్టుకొలత సుమారు 94 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. కావున గ్లోబుమీఁది యొక సెంటీమీటరునకు దాదాపు 425 కిలోమీటర్లు. హైదరాబాదునుండి షికాగోకు దారమును బిగించి పట్టినచో అది సుమారు 31 సెంటీమీటర్లుండును, అనఁగా 13,280 కిలోమీటర్లు. ఆ దారము పశ్చిమమునకుఁ బోదు! మధ్య ఆసియా, ఉరల్ పర్వతములు దాఁటి, 79వ అక్షాంశము దాపున స్వాల్‌బార్డు దీవులను, పిదప గ్రీన్లాండును, కెనడాను ఒరసికొని పోవును. గోడపటముమీఁద స్కేలుతో గీచిన గీఁత చొప్పునఁ బోయిన యెడల 16,100 కిలోమీటర్లగును. గంటకు 900 కిలోమీటర్ల వేగమున మొదటిది పదునాలుగు గంటల ముప్పావు, రెండవది పదునెనిమిది గంటలు. గాలులఁబట్టియు, దేశముల యనుమతులఁబట్టియు విమానము కొంత ప్రక్కకుఁ దొలఁగుట గలదు.

ఇంతదూరపు మంచులో యంత్రమొకటి చెడినచో గతి యేమి? ఇది తల్లులు అడుగఁదగిన ప్రశ్నయే. రెండు యంత్రములు గల విమానము, ఒకటి ఆగినను, నియమిత కాలములోఁ జేరఁదగిన విమానాశ్రయము దారి పొడవున నుండవలెనని నియమము. స్వాల్‌బార్డులోని లాంగియర్‌బ్యెన్ అట్టి యుత్తరపు విమానాశ్రయము, 1975లోఁ దెఱవఁబడినది. దాని రన్వే యెన్నఁడును కరఁగని గడ్డకట్టిన నేలమీఁద వేయఁబడినది. నవంబరు మొదలు జనవరి వఱకు అచ్చట సూర్యుఁడే యుదయింపఁడు. మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌వారు దాఁచిన జొన్న, సెనగ, కంది విత్తనములు ఆ సమీపపుఁ గొండలోనే భద్రముగా నున్నవి.

అచ్చటినుండి నార్వేలోని ట్రామ్సో విమానాశ్రయమునకు 957 కిలోమీటర్లు. మన లెక్క చొప్పున గంటకుఁ గొంచెము మించవలెను. కాని ప్రయాణమునకుఁ బట్టుకాలము గంటన్నరకుఁ బైననే. నేలపై నడచుట, పైకెగయుట, దిగుట యనునవి దూరము తక్కువైనను తగ్గవు గదా. కావుననే చిన్న ప్రయాణములలో దూరమును వేగముతో భాగించి కాలమును జెప్పుట మోసపుచ్చును.

2021 జనవరిలోనే క్యాప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి మున్నగు స్త్రీలు శాన్‌ఫ్రాన్సిస్కోనుండి ఉత్తరధ్రువము మీఁదుగా బెంగుళూరికి విమానమును దెచ్చిరి. విద్యార్థులు ఆ రెండు నగరములకును దారము పట్టి, అది యెన్ని సెంటీమీటర్లో, ఏ సముద్రములను దాఁటునో వ్రాసి తేవలెను.