తెర బాగుంది, పెట్టె ముసలిదైంది

సైబర్‌జయలో మనవాళ్ళ ఇళ్ళకి వెళ్తే హాల్లో ఒక మూల చిన్న బల్ల మీద, ఒకే ఒక్క వైరుతో నిలబడి ఉన్న ఐమ్యాకో, హెచ్‌పీ, లెనోవో, డెల్ వాళ్ళ ఆల్-ఇన్-వన్నో తరచు కనిపిస్తుంది. కారణం ఊహించడం కష్టం కాదు. అద్దె కాండోల్లో సోఫా, మంచం, బీరువా ముందే ఉంటాయి, చోటు తక్కువ. పనికి కంపెనీ వాళ్ళు ల్యాప్‌టాప్ ఇస్తారు. ఇంటిల్లిపాదికీ ఒక పెద్ద తెర ఉంటే చాలనిపిస్తుంది. 2020 మార్చిలో మలేషియాలో కదలికలపై ఆంక్షలు మొదలయ్యాక పిల్లల ఆన్‌లైన్ పాఠాల కోసం హడావిడిగా కొన్నవాళ్ళూ ఉన్నారు.

ఇప్పుడా పెట్టెలన్నీ ముసలివవుతున్నాయి. "తెర చూస్తే అద్దంలా ఉంది, పారేయబుద్ధి కావడం లేదు. కానీ ఆన్ చేసి కాఫీ పెట్టుకొచ్చేలోపు కూడా లేవడం లేదు. కొత్తది కొనాలా, ఇంకో రెండేళ్ళు లాగించొచ్చా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. రోజంతా సర్వర్లతో కుస్తీ పట్టేవాళ్ళు కూడా ఇంట్లో కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి డబ్బాడు ప్రకటన చూసి నిర్ణయం తీసేసుకోవడం చూశాను. అందుకే ఈసారి ఈ విషయం కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం.

మామూలు డెస్క్‌టాప్‌కి ఈ ప్రశ్న అంత బరువైనది కాదు. డిస్కు పాతబడితే డిస్కు మారుస్తాం, మదర్‌బోర్డు పోతే అదొక్కటే మారుస్తాం, మానిటర్ మాత్రం రెండు మూడు కంప్యూటర్లకి కాపురం చేస్తుంది. ఆల్-ఇన్-వన్‌లో అలా కాదు. ఒకే కాడికి కట్టిన ఈడు కలవని ఎడ్లలాంటివి అందులోని భాగాలు. మంచి తెర పదేళ్ళయినా చెక్కుచెదరదు. తిరిగే హార్డ్ డిస్కు నాలుగైదేళ్ళు దాటితే నమ్మకం తగ్గుతుంది. ఇక ఆపరేటింగ్ సిస్టమ్ ఆయుష్షు మన చేతుల్లోనే లేదు, దాన్ని కూపర్టినోలోనూ రెడ్మండ్‌లోనూ రాస్తారు. కాబట్టి "కంప్యూటర్ పాతబడిందా" అని కాకుండా "ఏ ఎద్దు కూలబడింది" అని అడగాలి. సమాధానాన్ని బట్టి ఖర్చు కొద్ది వందల రింగిట్లా, కొన్ని వేలా అన్నది తేలుతుంది.

ముందు నెమ్మది సంగతి

నెమ్మదిగా ఉందని వచ్చే ఫిర్యాదుల్లో నేను చూసినంతలో ఎక్కువ వాటికి దోషి ప్రాసెసర్ కాదు, డిస్కు. 21.5 అంగుళాల ఐమ్యాక్‌లో చౌక మోడల్‌కి 2019లో కూడా నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్కే పెట్టి అమ్మారు. ఐమ్యాక్‌లన్నిటికీ ఎస్‌ఎస్‌డి మామూలైంది 2020 ఆగస్టులోనే. మధ్యలో ఫ్యూజన్ డ్రైవ్ అని ఒకటి వచ్చింది: చిన్న ఎస్‌ఎస్‌డిని, పెద్ద హార్డ్ డిస్కుని జతచేసి ఒకటిగా చూపించే ఏర్పాటు. 2012లో వచ్చినప్పుడు అందులో 128 జీబీ ఎస్‌ఎస్‌డి ఉండేది. 2015కి వచ్చేసరికి ఒక టెరాబైటు ఫ్యూజన్ డ్రైవ్‌లో దాన్ని 24 జీబీకి కుదించారు. పేరు అదే, పెట్టె మీద అక్షరాలూ అవే! మీది ఏదో చూసుకోండి.

"నేనేమీ కొత్తగా ఎక్కించలేదు, అయినా ఎందుకు నెమ్మదించింది?" అని అడిగేవాళ్ళకి ఒక సమాధానం ఉంది. 2018లో వచ్చిన మొహావీతో ఆపిల్ హార్డ్ డిస్కుల్ని, ఫ్యూజన్ డ్రైవ్‌ల్ని కూడా ఏపీఎఫ్ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్‌లోకి మార్చింది. ఇది ఎస్‌ఎస్‌డిల కోసం పుట్టిన పద్ధతి. ఏదైనా మార్చినప్పుడు పాతచోటే తిరగరాయకుండా కొత్తచోట రాస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఫైళ్ళ వివరాలు డిస్కంతా చెల్లాచెదురవుతాయి. ఎస్‌ఎస్‌డికి దీనితో ఇబ్బంది లేదు, ఏ మూల ఉన్నా అందుకోడానికి అంతే సమయం. తిరిగే డిస్కుకి మాత్రం ప్రతి ముక్కకీ సూది ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదలాలి. వరుసగా చదివితే సెకనుకి వంద మెగాబైట్లు ఇచ్చే డిస్కే, ముక్కలుముక్కలుగా అడిగితే ఒకటి రెండు మెగాబైట్లకి పడిపోతుంది. విండోస్‌లో కూడా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి: ప్రాసెసర్ పది శాతం దగ్గర ఊరుకుని, డిస్కు నూరు శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటే జబ్బు ఇదే.

దీనికి మందు పెట్టె విప్పకుండానే ఉంది. 2012 చివరి నుంచి వచ్చిన ఐమ్యాక్‌లలో యూఎస్‌బీ 3 ఉంది, 2017 నుంచి థండర్‌బోల్ట్ 3 ఉంది. బయట ఒక ఎస్‌ఎస్‌డి తగిలించి, దాని మీదే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, అక్కడినుంచే బూట్ చేయొచ్చు. యూఎస్‌బీ 3 మీద మామూలు ఎస్‌ఎస్‌డి సెకనుకి నాలుగొందల మెగాబైట్ల దాకా ఇస్తుంది. కౌలాలంపూర్‌లో బుకిట్ బింతాంగ్ దగ్గర ప్లాజా లోయాట్‌లో ఒక గంట తిరిగితే కావలసినవన్నీ దొరుకుతాయి. (2023 మార్చి నుంచి పుత్రజయ లైన్ రైలు సైబర్‌జయ మీదుగా వెళ్తోంది కాబట్టి పార్కింగ్ బాధ కూడా లేదు.) 2020 ఐమ్యాక్‌లో మాత్రం టీ2 చిప్ ఉంటుంది, బయటి డిస్కు నుంచి బూట్ కావాలంటే ముందుగా దాని సెక్యూరిటీ సెట్టింగులో అనుమతివ్వాలి.

తర్వాతది ర్యామ్. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్ తెరిస్తే మెమరీ ప్రెజర్ అని ఒక గ్రాఫు ఉంటుంది. మీరు మామూలుగా చేసే పనులన్నీ తెరిచి ఉంచి, అరగంట తర్వాత చూడండి. ఆకుపచ్చగా ఉంటే ర్యామ్ పెంచినా ఒరిగేదేమీ లేదు, ఎరుపు ఎక్కితేనే డబ్బు పెట్టండి. 27 అంగుళాల ఐమ్యాక్‌లకి వెనక చిన్న తలుపు ఉంటుంది, మన చేత్తో మనమే ర్యామ్ మార్చుకోవచ్చు. 21.5 అంగుళాల వాటికి 2012 చివరి నుంచి ఆ తలుపు తీసేశారు. ఆ ఏడాది నుంచే ముందున్న గాజుని అంచుల వెంట జిగురుపట్టీలతో అతికించడం మొదలైంది. ర్యామ్ మార్చాలన్నా డిస్కు మార్చాలన్నా తెర ఊడదీయాలి. 2015 నాటి 21.5 అంగుళాల మోడల్‌లో అయితే ర్యామ్ బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉంటుంది, తెర తీసినా లాభం లేదు. హెచ్‌పీ, డెల్ లాంటి వాటిలో వెనక మూత తీస్తే ల్యాప్‌టాప్ తరహా ర్యామ్, డిస్కు కనిపించే మోడళ్ళు చాలానే ఉన్నాయి. కొనేముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ ఒకసారి తిరగెయ్యండి.

ఇంకొకటి, ఈ ఊరి వాతావరణం. గాలిలో తేమ, మధ్యాహ్నం దాటితే ఉరుములు మెరుపులు. 2021కి ముందరి ఐమ్యాక్‌లలో పవర్ సప్లై పెట్టెలోపలే ఉంటుంది, దుమ్ము పట్టిందంటే ఫ్యాను గోల పెడుతుంది. ఏ పనీ లేనప్పుడు కూడా ఫ్యాను హోరు తగ్గకపోతే, వేడికి తట్టుకోలేక ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటూ ఉండవచ్చు. అంటే శుభ్రం చేయిస్తే సరిపోయే జబ్బుని ముసలితనం అనుకుంటున్నామన్నమాట. ఉప్పెనలా వచ్చే విద్యుత్తుని ఆపే సర్జ్ ప్రొటెక్టర్ ఇంట్లో లేకపోతే అది ఈ వారమే కొనండి.

మన చేతిలో లేని తేదీలు

నెమ్మదికి మందుంది కానీ దీనికి లేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్ళలో వాడేవాళ్ళకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా సవరణలు ఇస్తామన్నారు. విండోస్ 11కి మారాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. 2017లో కొన్న ఆల్-ఇన్-వన్‌లలో చాలావాటిలో ఏడో తరం ఉంటుంది. ఒక్క తరం తేడాతో గుమ్మం బయట ఆగిపోయాయి.

ఆపిల్ సంగతి చూస్తే, 2017 ఐమ్యాక్‌కి అందిన చివరి మ్యాక్ ఓఎస్ 2022లో వచ్చిన వెంచురా. 2019 ఐమ్యాక్ 2024 నాటి సెకోయాతో ఆగింది. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన టాహో ఐమ్యాక్‌లలో ఒక్క 2020 మోడల్‌నే ఇంటెల్ వాటిలో చేరనిచ్చింది, ఇంటెల్ మ్యాక్‌లకి అదే ఆఖరిదని కూడా ఆపిల్ ఆ ఏడాది జూన్‌లోనే చెప్పేసింది. కొత్త వెర్షన్ రాకపోతే కొంపలు మునగవు. ఆపిల్ సాధారణంగా చివరి మూడు వెర్షన్లకి భద్రతా సవరణలు ఇస్తూ వస్తుంది. ఆ మూడింట్లోంచి మీది జారిపోయిన రోజే మీ అసలు గడువు.

ఆ గడువు దాటిన పెట్టె మీద ఏం చేస్తారన్నది నా దృష్టిలో మొత్తం నిర్ణయానికి కీలకం. పిల్లవాడు పాత ఆటలు ఆడుకోవడానికో, అమ్మానాన్నలతో వీడియోలో మాట్లాడటానికో అయితే ఇంకొంతకాలం ఫర్వాలేదు, బ్రౌజర్ మద్దతు ఉన్నంతవరకు. కానీ మనలో చాలామంది రాత్రి పది దాటాక క్లయింటు వీపీఎన్‌లోకి పోయేది పెద్ద తెర ఉంది కదాని ఈ పెట్టె నుంచే. బ్యాంకు లావాదేవీలూ, ఇండియాలో ఇంటిపన్నుల కాగితాలూ ఇందులోనే. సవరణలు ఆగిపోయిన కంప్యూటర్ నుంచి క్లయింటు నెట్‌వర్క్‌లోకి వెళ్ళడం మన ఒప్పందాల్లో చాలావాటికి విరుద్ధం. ఏదన్నా జరిగితే పోయేది పాత కంప్యూటర్ కాదు, ఉద్యోగం, దానితోపాటే వీసా. ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్‌తో పాత మ్యాక్ మీద కొత్త ఓఎస్ ఎక్కించడం, రిజిస్ట్రీ మార్చి విండోస్ 11ని మోసంచేసి ఎక్కించడం ఇవన్నీ సరదాగా నేర్చుకోడానికి మంచివే, పని కంప్యూటర్ మీద మాత్రం వద్దంటాను. విండోస్ పెట్టె అయితే ఉబుంటు ఎక్కించడం నయం. పాత ఐమ్యాక్‌లో కూడా ఎక్కుతుంది కానీ వైఫై డ్రైవర్ కోసం ఒక సాయంత్రం ఖర్చవుతుంది.

కొనాలనే అనుకుంటే

నా లెక్క ఇది, శాస్త్రమేం కాదు. సవరణల గడువు ఇంకా ఏడాదిన్నర పైగా ఉండి, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో ఆరోవంతు దాటకపోతే బాగుచేసుకోండి. గడువు దాటిపోయి ఉంటే మాత్రం తెర ఊడదీయించే మరమ్మతుకి పైసా పెట్టొద్దు. మీ ఎంప్లాయ్‌మెంట్ పాస్ గడువు కూడా ఇదే లెక్కలో వెయ్యండి. పది నెలల్లో సింగపూరో, హైదరాబాదో వెళ్ళే అవకాశం ఉంటే 24 అంగుళాల గాజుపలకని మోసుకెళ్ళడం కంటే బయటి ఎస్‌ఎస్‌డితో నెట్టుకురావడం మేలు.

కొనేటప్పుడు మళ్ళీ ఆల్-ఇన్-వన్నే ఎందుకు అని ఒకసారి ఆలోచించండి. 2021 నుంచి వచ్చిన 24 అంగుళాల ఐమ్యాక్‌లలో ర్యామ్, డిస్కు రెండూ కొన్నరోజు ఎంతో చివరిదాకా అంతే. 27 అంగుళాలది 2022 మార్చిలో ఆపేసి, ఆపిల్ అదే కొలతల తెరని విడి మానిటర్‌గా అమ్మడం మొదలెట్టింది. తెర వేరు, పెట్టె వేరు అన్న పాత పద్ధతికి వాళ్ళే దారి చూపించారు. చిన్న పెట్టె ఒకటి, మంచి మానిటర్ ఒకటి కొంటే వైరు ఒకటి పెరుగుతుందేమో కానీ, ఆరేళ్ళ తర్వాత మార్చాల్సింది చిన్న పెట్టెనే.

"మరి నా పాత తెర?" అంటారు. 2009 చివరి నుంచి 2014 మధ్య దాకా వచ్చిన కొన్ని ఐమ్యాక్‌లకి టార్గెట్ డిస్‌ప్లే మోడ్ ఉంది కానీ, అటువైపు తగిలించే మ్యాక్ 2019 లేదా అంతకుముందుదై ఉండాలి. 2014 అక్టోబర్‌లో మొదలైన 5కే తెరలకి ఆ సదుపాయమే లేదు. కొన్ని విండోస్ ఆల్-ఇన్-వన్‌లకి హెచ్‌డీఎంఐ ఇన్ అని ఒక పోర్టు ఉంటుంది, అది ఉంటే మీ అదృష్టం, హాయిగా మానిటర్‌లా వాడుకోండి. లోపలి బోర్డు పీకేసి తెరని నడిపే వేరే బోర్డు పెట్టేవాళ్ళున్నారు. పవర్ సప్లైలో ప్లగ్గు తీశాక కూడా కరెంటు నిలవుంటుంది కాబట్టి చేయి తిరిగినవాళ్ళకే అది వదిలేయండి.

పాతదాన్ని ఇచ్చేసే ముందు ఫోటోలు రెండు చోట్లకి ఎక్కించి, ఆ కాపీలు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. టీ2 ఉన్న వాటిలో బోర్డు పోతే డిస్కులోవి బయటికి తీయడం దాదాపు అసాధ్యం. ఆ తర్వాత డిస్కు పూర్తిగా చెరిపేయండి. ఫైల్‌వాల్టో బిట్‌లాకరో ముందునుంచీ ఉంటే ఈ పని నిమిషాల్లో అయిపోతుంది. చెత్తకుండీ పక్కన మాత్రం వదిలిరాకండి. మలేషియాలో 2005 నిబంధనల ప్రకారం ఎలక్ట్రానిక్ చెత్త ఎస్‌డబ్ల్యూ 110 అనే కోడ్ కింద షెడ్యూల్డ్ వ్యర్థం. పర్యావరణ శాఖ దగ్గర నమోదైన సేకరణ కేంద్రానికే ఇవ్వాలి. కాండో మేనేజ్‌మెంట్ ఆఫీసులో అడిగితే దగ్గర్లో ఉన్నదేదో చెప్తారు.